కొరియాలో రెండు బంద్ రోజులు

పోయిన వారం ఒక పెళ్లికి కోరుట్ల వెళ్లాం. భోజనాలకు ఇంకా గంట పడుతుందన్నారు. పాప చెయ్యి పట్టుకొని బస్టాండు వెనక సందులోకి నడిచాను. ఆ సందులో ఒక టికెట్ల దుకాణం ఉండేది. దుబాయికి, మస్కట్‌కు, దమ్మామ్‌కు పోయేవాళ్లు విమానం టికెట్లు అక్కడ చేయించుకునేవారు. దుకాణం నడిపే ఆయనకు పాపను చూపించాలని నా ఆశ. రెండేళ్లలో ఎంత పొడుగైందో ఆయన చూడాలి.

దుకాణం ఉంది. లోపల మాత్రం సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కౌంటర్ వెనక ఉన్నతను నా మొహం చూసే సంగతి గ్రహించాడు.

"చాచా కోసం అచ్చిన్రా అక్కా? రంజాన్ కంటె ముందుగాలనే పోయిండు. పండుకున్నోడు పండుకున్నట్టే. ఇంక గూడ వారానికొకలన్న అచ్చి అడుగుతరు."

పాపను తీసుకొని బయటికి వచ్చాను. "ఎవరమ్మా చాచా?" అని పాప అడిగింది. కొరియాకు తొవ్వ రాసిచ్చిన తాత అన్నాను. దానికి గుర్తు లేదు. అప్పుడు దానికి నాలుగేళ్లు. దానికి గుర్తులేనందుకు బాధేం లేదు, ఆ ప్రయాణంలో గుర్తుండాల్సినంత చెడ్డది ఏదీ జరగలేదు గనుకనే అది మరిచిపోగలిగింది. అలా జరగకుండా చూసినవాళ్లలో ఆయన ఒకరు. అందుకే పాప నిద్రపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆయన పేరు బోర్డు మీద ఉండేది గాని ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. వయసులో ఆయన కంటే పెద్దవాళ్లు కూడా చాచా అనే అనేవారు. సన్నటి మనిషి. చలువ చేసిన తెల్ల లాల్చీ, చెవి మీద పెన్సిలు. పెన్ను ముట్టరు. "పెన్నుతోని రాస్తె మనిషికి మొండితనం అస్తది" అనేవారు. ఏది రాసినా చెరపడానికి వీలుండాలి ఆయనకు.

దుకాణంలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఆయనకొక తిరిగే స్టూలు. టికెట్ కోసం ఒక్కడే వచ్చేవాడు అరుదు. పోయేవాడి వెంట తల్లి, భార్య, బావమరిది, ఇంకా ఊళ్లో నాలుగు మాటలు తెలిసిన పెద్దమనిషి వచ్చేవారు. పెద్దమనిషి వీసా గురించి, కంపెనీ గురించి చెప్పుకుపోతుంటే చాచా చెయ్యెత్తి ఆపేవారు.

"గదంత సరే. బుగులు ఎవలకు?"

మా వైపు భయాన్ని బుగులంటాం. ఆ ప్రశ్నకు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఎవరో ఒకరు మాత్రం తల దించుకునేవారు. చాచా స్టూలు అటు తిప్పేవారు. ఇక పని పూర్తయ్యేదాకా ఆయన మాట్లాడేది ఆ మనిషితోనే. డబ్బు కట్టేవాడు పక్కన కూర్చొని వినాల్సిందే.

నా వంతు సమ్మె నెలలో వచ్చింది. తెలంగాణ కోసం బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మా అత్తగారిల్లు జగిత్యాల. మామయ్య బడిపంతులు, ఆయనా సమ్మెలో ఉన్నారు కనుక పొద్దున ధర్నాలో కూర్చొని మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవారు. మా ఆయన అప్పటికి పది నెలలుగా కొరియాలో ఉన్నారు. ఓడలు కట్టే యార్డులో ఇంజనీరు పని, కంపెనీ పంపితే ఉల్సాన్ అనే ఊరికి వెళ్లారు. తిరిగి వచ్చేముందు పన్నెండు రోజులు సెలవు దొరికింది. "మీరిద్దరు రాండ్రి, దేశమంత సూపిస్త" అని ఫోన్ చేశారు.

పాపకు దమ్ము ఉండేది, ఉబ్బసం. చలిగాలి తగిలితే, దుమ్ము రేగితే, పక్కింట్లో అగరొత్తులు ఎక్కువైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మందు ఆవిరి పట్టే మిషను మా ఇంట్లో టీవీ కంటే ముఖ్యమైన వస్తువు. అలాంటి పిల్లను రెండు విమానాలు మార్చి, భాష తెలియని దేశానికి, అదీ చలి మొదలయ్యే నెలలో తీసుకుపోవాలి. అత్తమ్మ ఏం కాదన్నారు. మామయ్య ఏం కాదన్నారు. మా ఆయన ఫోన్‌లో రోజూ ఏం కాదన్నారు. సిరిసిల్లలో మా అమ్మ ఒక్కతే అలా అనలేదు. "పిల్లను నా కాడ ఇడిసిపెట్టి నువ్వు పోయి రా బిడ్డా" అంది. అక్కడ కరెంటు కోతలకు బట్ట నేసే సాంచాలు ఆగిపోయి వాడ వాడంతా నిశ్శబ్దంగా ఉందట, దుమ్ము తక్కువట. కాని పాప అప్పటికే నాన్న అంటే ఫోన్‌లో వచ్చే గొంతు అనుకుంటోంది. ఆ గొంతుకు మనిషిని చూపించకపోతే ఎలా?

భయపడేవాళ్లు చేసే పనే నేనూ చేశాను. ప్లాను వేశాను. నెట్ సెంటర్లో కూర్చొని కాగితాల కట్ట ప్రింటు తీయించాను. సియోల్‌లో రాజభవనాలు, జొంజులో పాత పెంకుటిళ్ల వీధులు, గ్యోంగ్జులో రాజుల సమాధులు, బుసాన్‌లో సముద్రం, చేపల బజారు, కొండవాలు మీద రంగుల ఇళ్లు. జెజు అనే దీవి. తూర్పు తీరంలో సూర్యోదయం చూసే గుట్ట. ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఉంటామో గళ్లు గీసి నింపాను. ఒక్క గంట ఖాళీగా కనిపించినా, ఆ గంటలోనే ఏదో జరుగుతుందనిపించేది.

జగిత్యాలలో టికెట్ల దుకాణాలు లేక కాదు. మా ఆడబిడ్డ భర్త దమ్మామ్ పోయినప్పుడు చాచా దగ్గరే చేయించుకున్నాడు, ఆయనైతే మోసం ఉండదని మామయ్య నమ్మకం. స్కూటర్ మీద మామయ్య, మధ్యలో పాప, వెనక నేను. కోరుట్ల చేరాం.

"చాచా, మా కోడలు, మనుమరాలు కొరియా పోవాలె" అన్నారు మామయ్య.

"కొరియానా?" చాచా చెవి మీది పెన్సిలు తీశారు. "ముప్పయ్యేండ్ల సంది ఈ దుకాణంల ఎవలు ఆ పేరెత్తలే సార్. జర ఆగున్రి."

డ్రాయర్‌లోంచి ఎవరో పిల్లవాడి పాత బడి అట్లాసు తీసి, ఆసియా ఖండం విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి వెతికారు. దొరికాక దాని మీద బొటనవేలు పెట్టి చూశారు. దేశం మొత్తం వేలి కింద దాగిపోయింది.

"గింతనేనా. మంచిదే. బుగులు ఎవలకు?"

"ఎవలకు లేదు" అన్నారు మామయ్య. "సదువుకున్న పిల్ల."

చాచా స్టూలు నా వైపు తిరిగింది.

"ఏం బుగులు బిడ్డా?"

ముందు ఏం లేదన్నాను. తర్వాత ఎక్కడ మొదలుపెట్టానో తెలియదు, అంతా చెప్పేశాను. మామయ్య గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నారు. నేను ఆగాక చాచా ఏం కాదు అంటారని ఎదురుచూశాను. అనలేదు. బల్ల కింద నుంచి ఒక పెళ్లిపత్రిక తీశారు.

"చెప్పు. ఏమేమైతదో రాసుకుందాం."

ఊళ్లో జరిగిన పెళ్లిళ్ల పత్రికలన్నీ ఆయన దాచేవారు. లోపలి తెల్ల భాగం మీద పోయేవాళ్లకు దారి రాసిచ్చేవారు. ఆ మందపాటి కాగితమైతే జేబులో నలగదు, చెమటకు కరగదు, ఎయిర్‌పోర్టులో వంద కాగితాల మధ్య ఎర్రగా కనబడుతుంది. గల్ఫ్‌లో ఎన్ని గదుల్లో ఎన్ని పెట్టెల అడుగున మా జిల్లా పెళ్లిపత్రికలు ఉన్నాయో.

నాది కథలాపూర్ వాళ్ల పెళ్లి. వధూవరుల పేర్లకు వెనక వైపు ఆయన నా భయాలు వరసగా రాశారు. దమ్ము లేస్తే. మిషన్ ప్లగ్గు ఆడ పట్టకపోతే. విమానంల ఏడిస్తే. భాష రాక డాక్టర్‌కు చెప్పలేకపోతే. రాస్తూ రాస్తూ నన్ను చూడకుండానే అడిగారు.

"నీకే జెరమొస్తే?"

నేను అది అనుకోలేదు. రాశారు.

"పిల్ల నాయినను గుర్తువట్టకపోతే?"

పన్నెండు రోజుల గళ్లన్నీ నింపింది ఆ ఒక్క భయాన్ని పైకి రానివ్వకుండా ఉండడానికేనని అప్పుడు తెలిసింది. ఆయన అదీ రాశారు. పక్కన పెన్సిలుతో జవాబు కూడా రాశారు: మొదటి రోజు ఏ మహల్ వద్దు. ముగ్గురు ఒక్కకాడ కూసొని అన్నం తినుడు.

అప్పుడు నా కాగితాల కట్ట అడిగి తీసుకున్నారు. గళ్లన్నీ చదివారు. మామయ్య వైపు తిరిగి, స్టూలు నా వైపు తిప్పాక మొదటిసారి, ఆయనతో ఒక మాట అన్నారు.

"సార్, గిది టూర్ గాదు. ఎలక్షన్ల ప్రచారం. ఊరికొక గంట."

మామయ్య పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు.

చాచా డ్రాయర్‌లోంచి దారపు ఉండ తీశారు. సిరిసిల్ల నూలే అది, పార్సిళ్లు కట్టేది. అట్లాసులో సియోల్ మీద ఒక కొస, బుసాన్ మీద ఇంకో కొస పెట్టి కొలిచి, దారం కింద పెట్టుకొని లెక్క వేశారు. ఆయన దగ్గర కిలోమీటర్లు ఉండవు. "గిది కోరుట్ల నుంచి పట్నం పోయి మల్ల కోరుట్లకు అచ్చినంత. రైలు ఉన్నదంటున్నవు గద, చల్తా. బుసాన్ నుంచి గా సమాధుల ఊరికి, సిరిసిల్ల కాడికెల్లి చందుర్తి మీంచి ఈడికి అచ్చినంత. పిల్ల ఒక్క నిద్ర తీస్తది." తూర్పు తీరం గుట్టకు దారం కూడా పెట్టి చూడలేదు. "మెట్లెన్ని? కొండగట్టంత ఉంటయా? మిషన్ ఎత్తుకుంటవా, పిల్లనెత్తుకుంటవా?" గుట్ట పోయింది. జెజు దీవి దగ్గర పెన్సిలు ఆగింది. "మల్లొక ఇమానమా? పిల్ల నాయినను జూడ పోతున్నదా, ఇమానాలు జూడ పోతున్నదా?" దీవి పోయింది.

మిగిలింది సియోల్, జొంజు, గ్యోంగ్జు, బుసాన్. వాటిని ఇంకో పెళ్లిపత్రిక మీద రోజుల వారీగా రాశారు. ఐదో రోజు దగ్గరా, తొమ్మిదో రోజు దగ్గరా ఊరి పేరు లేదు. ఒకటే మాట ఉంది. బంద్.

"చాచా, ఇదేంది?"

"బంద్."

"కొరియాల బంద్ ఎందుకుంటది చాచా?"

ఆయన నన్ను తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూశారు. "ఎందుకుండది? ఆడ మనుషులు లేరా?"

అప్పుడు మా బతుకులన్నీ అలాగే ఉండేవి. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నా, ఆపరేషన్ పెట్టుకున్నా, వడ్లు అమ్ముకోను బండి మాట్లాడుకున్నా, మధ్యలో ఒక రోజు వదిలిపెట్టేవాళ్లం. ఏ పొద్దు ఎవరు బంద్ పిలుస్తారో తెలియదు. చాచా రెండేళ్లుగా గల్ఫ్ టికెట్లన్నీ అట్లాగే చేస్తున్నారు. ఆ చేత్తోనే కొరియాకూ రాసేశారు. ఇక్కడి నుంచి శంషాబాద్ పోయేదాకా బంద్ ఉంటుంది, విమానం ఎక్కాక ఉండదు అనే సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా ఒప్పుకోలేదో.

రాత్రి ఫోన్‌లో చెప్తే మా ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. యార్డులో తోటివాళ్లకు కూడా చెప్పారట. నవ్వాక, "తొమ్మిదో రోజు ఖాళీ ఎందుకు? బుసాన్ కాడ పొద్దుగాల్ల ఎనిమిదింటికి లాంచీ ఉన్నది. సముద్రంల తిప్పి తీసుకస్తరు. టికెట్ తీస్త" అన్నారు. నాకూ బాగుందనిపించింది. ఖాళీ గడి నన్ను మధ్యాహ్నం నుంచి పీకుతూనే ఉంది.

టికెట్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు చాచాకు ఆ మాట చెప్పి, కార్డు మీద మార్చి రాయమన్నాను.

"నేను రాయ."

"ఏమైతది చాచా?"

"ఏమైతదో నాకు ఎర్కనా? ఎర్కలేకనే ఖాళీ ఇడిసిన. నువ్వు రాసుకుంటె రాసుకో, ఇగో పెన్సిల్." పెన్సిలు నా ముందు పెట్టారు. పాప దాన్ని తీసుకొని అట్లాసు అట్ట మీద పిల్లి బొమ్మ గీయడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని గీయనిచ్చారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అందరు ఏం కాదంటున్నరు చాచా. మీరొక్కలు ఆ మాట అనరు. ఎందుకు?"

ఆయన అట్లాసును పాపకు ఇంకాస్త దగ్గరగా జరిపారు.

"ఒకసారి అన్న బిడ్డా. కొడిమ్యాల కాడి ఒక తల్లికి. కొడుకును తోలియ్య అచ్చింది. ఏం కాదమ్మా అన్న." పాప పిల్లికి తోక గీసేదాకా ఆగారు. "అప్పటి సంది అనుడు బంద్ జేసిన. రాసుడే."

కొడుకు ఏమయ్యాడో నేను అడగలేదు. లాంచీ టికెట్ వద్దని ఆ రోజే మా ఆయనకు చెప్పాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు.

మొత్తం కొరియా ఒక పెళ్లిపత్రికలో పట్టింది. జగిత్యాల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి మాత్రం చాచా మూడు పత్రికలు రాశారు. ఒక రోజు ముందే సిరిసిల్ల పోయి అమ్మగారింట్లో పడుకోవాలి. కరీంనగర్ దారి ఆపితే ఏ ఊళ్ల మీదుగా తిరగాలి, అదీ ఆపితే ఎటు తిరగాలి. కారు అద్దానికి ఏ జెండా కట్టొద్దు. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టాలి. చివర్న ఇలా ఉంది: తొవ్వల వంట జేస్తుంటే దిగి ఒక ముద్ద తినుడు. తిన్నోళ్లను ఎవలు ఆపరు.

సిద్దిపేటకు ఇంకా ముందే ఒక ఊరి దగ్గర సమ్మెవాళ్ల వంటావార్పు, రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు వరసగా మండుతున్నాయి. గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. పక్క ఖాళీలో తారు డ్రమ్ము అడ్డం పెట్టి డప్పులు కొడుతున్నారు. డ్రైవర్ హారన్ మీద చెయ్యి పెట్టబోతే ఆపి, పొగ వాలు చూసి, పాపను గాలికి అవతలి వైపు ఎత్తుకొని దిగాను. ఒకామె గరిటె ఆపి నన్ను చూసింది.

"ఏడికి బిడ్డా, గింత పొద్దుగాల?"

"పాపోళ్ల నాయిన కాడికమ్మా. కొరియా."

"అబ్బో! గాడ గూడ మనోళ్లున్నరా?" ఆమె ఆకులో వేడి పులిహోర పెట్టి పాప నోటికి అందించింది. "తిను తల్లీ. మీ నాయినకు చెప్పు, తెలంగాణ అచ్చినంక ఈడికే రమ్మను, ఈడనే పనిస్తం." పక్కనున్న మగవాళ్ల మీద అరిచింది. "ఏయ్, గా డ్రమ్ము జరుపున్రి! పోరి నాయిన కాడికి పోతున్నది."

డ్రమ్ము జరిగింది. పాప చేతిలో పులిహోర ముద్దతో మేం ముందుకు పోయాం. ఆ ప్రయాణంలో నేను మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది అక్కడే.

చాచా చెప్పినవన్నీ నిజం కాలేదు. మిషన్ కోసమని ఆయన దుకాణంలోంచి ఒక ప్లగ్గు తీసిచ్చారు. "ఇది పట్టకుండ ఉండది, దునియాల ఏడనైనా పడతది" అన్నారు. సియోల్‌లో గదికి చేరగానే నేను చేసిన మొదటి పని దాన్ని గోడకు పెట్టి చూడడం. మూడు చదరపు కాళ్ల ప్లగ్గు అది, అక్కడి బెజ్జాలు రెండు, గుండ్రటివి. చాచాకు తెలిసిన దునియా అంతా దుబాయి ప్లగ్గుతో నడిచేది. మా ఆయన కింద దుకాణంలో వేరేది కొనుక్కొచ్చారు.

పాప నాన్నను గుర్తుపట్టలేదు. విమానాశ్రయంలో నా వెనక దాక్కుంది. మొదటి రోజు ఏ మహల్‌కూ పోలేదు. ముగ్గురం గదిలో కూర్చొని అమ్మ కట్టిచ్చిన సకినాలు, ఆయన వండిన అన్నం, పప్పు తిన్నాం. తినడం అయ్యేసరికి పాప ఆయన పళ్లెంలోంచి తినసాగింది. మూడో రోజు రాజభవనం ముందు అక్కడి పిల్లల గౌను అద్దెకు తొడుక్కొని, ఆయన భుజాల మీద కూర్చొని, అక్కడి మనుషులందరికీ ఆయనను "మా నాయిన" అని పరిచయం చేసింది, తెలుగులోనే. ఐదో రోజు బంద్ జొంజులో వచ్చింది. ఆ రోజు ఏమీ కాలేదు. నేను గడియారం చూసుకుంటూ, పాప, ఆయన పెంకుటింటి అరుగు మీద కాగితం పడవలు చేసుకుంటూ గడిపాం. గ్యోంగ్జులో రాజుల సమాధులు పచ్చగడ్డి కప్పిన గుట్టలు. పాప వాటి పక్క బయలులో దొర్లింది. నేను దాని వెనకే పరుగెత్తి గడ్డి దులిపాను.

తొమ్మిదో రోజు బుసాన్‌లో పొద్దున ఆరున్నరకు పాప ఛాతీలో పిల్లి కూసింది. సన్నగా, ఒక్కసారి. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది, దాని మీదికి లాంచీల జెట్టీ కూడా.

నిజం చెప్పాలి. చేతిలో ఎనిమిదింటి టికెట్ ఉండి ఉంటే నేను వెళ్లేదాన్ని. చిన్న కూతే గదా, ఒకసారి మందు పట్టించి, స్వెటర్ వేసి, టోపీ పెట్టి బయల్దేరేదాన్ని. అనుకున్నది అనుకున్నట్టు జరిపితే చెడు జరగదని నమ్మే మనిషిని నేను. తొమ్మిదింటికి అది ఊపిరికి ఎగపోయడం మొదలుపెట్టినప్పుడు మేం నడి సముద్రంలో, చలిగాలిలో, మిషన్ పెట్టుకోను ప్లగ్గు లేని చోట ఉండేవాళ్లం.

తొమ్మిదింటికి మేం గదిలోనే ఉన్నాం. మిషన్ రెండుసార్లు పట్టించినా తగ్గలేదు. వీధి మలుపులోనే పిల్లల ఆస్పత్రి ఉంది. తెల్లజుట్టు డాక్టరమ్మ పాప వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. మా ఆయన అక్కడి భాషలో తడబడుతుంటే ఆమె నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పన్నెండింటికి కూతలు తగ్గాయి. డొక్కలు ఎగరడం ఆగింది. పాప చప్పరిస్తూ నీళ్లు తాగింది, పడుకుంది. మేమిద్దరం పక్కన కూర్చొని దాని పొట్ట పైకీ కిందికీ పోవడం చూశాం. ఆ రోజు మేం పోవలసిన చోటు ఏదీ లేదు. ఎవరికీ ఆలస్యం కాలేదు. నాలుగింటికి అది లేచి, "సముద్రం పోయిందా?" అని అడిగింది. పోలేదన్నాను. ముగ్గురం పోయి చూసి వచ్చాం.

తిరిగొచ్చిన వారానికి కోరుట్ల వెళ్లాం. సమ్మె ముగిసింది, బస్సులు నడుస్తున్నాయి. చాచా ఎవరికో కువైట్ టికెట్ చేస్తున్నారు, మమ్మల్ని చూసి పెన్సిలు ఆపారు. నేను అంతా చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"బంద్ ఎన్నింటికి ఖుల్లా అయింది?"

"నాలుగింటికి చాచా."

"నయమే. ఈడ ఆరైతె గాని ఖుల్లా గాదు."

అంతే అన్నారు. తర్వాత లేచారు. ఆయన లేవడం నేను అదివరకు చూడలేదు. దుకాణం వెనక తలుపు తెరిచి, పిల్ల వచ్చిందని ఉర్దూలో లోపలికి కేకేశారు. "సునో! బచ్చీ ఆగయీ!"

దుకాణం వెనకే ఆయన ఇల్లు ఉందని, ఇంట్లో భార్య ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఆమె పిండి చేతులతోనే వచ్చింది. పొట్టి మనిషి, తెల్లబడ్డ జడ. ఇప్పుడు నిజామాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోందట, సెల్‌ఫోన్ల అతను చెప్పాడు. కుర్చీలో ఉన్న కువైట్ మనిషిని పట్టించుకోకుండా ఆమె నేరుగా పాప దగ్గరికి వచ్చి నిలబడింది.

"గీ బచ్చీయేనా?" అని నన్ను అడిగింది. ఔనన్నాను.

"ఈమెకు నెల దినాల సంది నిద్ర లేదు" అన్నారు చాచా, మళ్లీ స్టూలు మీద కూర్చుంటూ. "రోజు అడుగుడే, ఆ దమ్ము పిల్ల ఎట్లుందని."

"నాకా?" ఆమె ఆయన వైపు తిరిగింది. "నాకు లేదా నిద్ర? జూడు బేటీ, అబద్ధాలు! రాత్రి లేచి గడియారం ముంగట నిలవడుడు ఎవలు? ఇప్పుడు ఆడ పొద్దు పొడిసింది, ఇప్పుడు ఆడ తింటుంటరు అని లెక్కవెట్టుడు ఎవలు? నువ్వొక్కదానివే గాదు బేటీ. ఎవలు పోయినా గంతే. గంతమంది పోతున్నరు ఈ దుకాణం కాడికెల్లి, ఈయన ఏనాడన్న తెల్లారిందాక పండుకున్నడా అడుగు!"

చాచా కువైట్ టికెట్ మీదికి వంగి పెన్సిలుతో ఏదో చెరుపుతున్నారు. తల ఎత్తలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకొని కింద కూర్చుంది. పాపను అటు తిప్పి, గౌను మీంచి దాని వీపుకు చెవి ఆనించింది. కళ్లు మూసుకుంది. సందులో ఆటో ఒకటి పోతుంటే చెయ్యెత్తి మా అందరినీ కదలొద్దంది. కువైట్ మనిషి కూడా ఊపిరి బిగబట్టాడు. పాప నన్ను చూస్తూ, చక్కిలిగిలి ఆపుకుంటూ, పెద్దగా ఒకసారి గాలి పీల్చి వదిలింది.

"సాఫ్ ఉంది" అందామె, ఆయనతో.